కతోలిక దంపతుల సంతాన చికిత్స: ఒక చరిత్ర

సంతానం లేని దంపతులకు వైద్యం ఎంతవరకు సాయపడవచ్చు అన్న ప్రశ్నకు కతోలిక శ్రీసభ ఇచ్చిన తొలి అధికారిక జవాబు ఒక్క ముక్కలో ముగిసింది. స్త్రీకి కృత్రిమ పద్ధతిలో గర్భం కలిగించవచ్చా అని 1897లో రోమ్‌కు ప్రశ్న వెళ్ళింది. విశ్వాస, నైతిక విషయాలపై తీర్పు చెప్పే హోలీ ఆఫీస్ ఆ మార్చి నెలలో ‘కూడదు’ అంది. ఎందుకు కూడదో చెప్పలేదు. ఆ కారణాలు పూర్తిగా మాటల్లోకి రావడానికి తొంభై ఏళ్ళు పట్టింది. ఈలోగా వైద్యం కనుక్కున్న ప్రతి కొత్త పద్ధతీ గీత ఎక్కడుందో మళ్ళీ చూసుకోవలసిన పరిస్థితి తెచ్చింది. ఈ చరిత్రను చాలామంది నిషేధాల జాబితాగా చదువుతారు. అది సగం నిజం. రోమ్ మాటకు కట్టుబడి ఉంటూనే దంపతుల దుఃఖానికి ఏదో ఒక దారి చూపాలని తపించిన వైద్యులూ, ఆ మాటతో సమాధానపడలేక పక్కకు తప్పుకున్న వైద్యులూ కతోలికులే. సంతాన వైద్యంలో ఇవాళ మామూలైపోయిన విషయాలు కొన్ని వాళ్ళ చేతుల మీదుగా వచ్చాయి.

సంతానలేమి శ్రీసభ చింతనలో మొదటినుంచీ ఉంది. బైబిలులో సారా, రాహేలు, హన్నా, ఎలిజబెత్ అందరూ ఏళ్ళ తరబడి బిడ్డల కోసం ఏడ్చినవాళ్ళే. మరియమ్మ తల్లిదండ్రులు అన్నమ్మ, జ్వాకీములు కూడా ముసలితనం దాకా పిల్లలు లేక అవమానపడ్డారని రెండో శతాబ్దపు గాథ చెబుతుంది. వివాహానికి సంతానం, పరస్పర విశ్వాసం, విడదీయరాని బంధం అనే మూడు మేళ్ళు ఉన్నాయని పునీత అగస్టీను అయిదో శతాబ్దం ఆరంభంలో రాశారు. మొదటిది దక్కకపోయినా మిగిలిన రెండూ నిలుస్తాయి కాబట్టి పిల్లలు లేని పెళ్ళి కూడా నిండు పెళ్ళే. 1917 నాటి శ్రీసభ చట్టం, 1983 నాటి చట్టం కూడా సంతానలేమి వివాహానికి అడ్డు కాదనీ, దాన్ని రద్దు చేయడానికి కారణం కాదనీ చెప్పాయి. పిల్లలు పుట్టలేదని భార్యను పుట్టింటికి పంపడం, మారుమనువు చేసుకోవడం మామూలుగా సాగిన సమాజాల్లో ఈ నియమం ఎందరో స్త్రీలకు అండగా నిలిచింది. ఈ కోణం గురించి చరిత్రకారులు చెప్పవలసినంత చెప్పలేదు.

వైద్యం చేయగలిగింది లేని కాలమంతా దంపతులకు మొక్కులే దిక్కు. నాగపట్నం దగ్గరి వేళాంగణిలో బిడ్డలు కోరుకునేవాళ్ళు చిన్న ఊయలలు కట్టడం ఇప్పటికీ ఆచారం. విజయవాడ గుణదల కొండకు ఫిబ్రవరి ఉత్సవాల్లో వచ్చే లక్షల మందిలోనూ అదే మొక్కు మొక్కేవాళ్ళు ఎందరో.

కృత్రిమ గర్భధారణ చరిత్ర ఒక కతోలిక గురువుతోనే మొదలైంది. పావియా విశ్వవిద్యాలయంలో ప్రకృతి శాస్త్రం బోధించిన లాజరో స్పల్లంజాని గురుపట్టం పొందినవాడు. 1780లో ఆయన ఒక ఆడ కుక్కకు పిచికారీతో వీర్యం ఎక్కించాడు. 62 రోజులకు అది మూడు పిల్లలను ఈనింది. ఇంచుమించు ఆ కాలంలోనే లండన్‌లో జాన్ హంటర్ అనే సర్జన్, మూత్రమార్గంలో పుట్టుకతో లోపం ఉన్న ఒక బట్టల వ్యాపారికి అదే ఉపాయం చెప్పాడు. ఆ వ్యాపారి భార్య గర్భవతి అయింది. పంతొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్స్‌లోనూ అమెరికాలోనూ కొందరు వైద్యులు ఈ పని చేస్తున్నారన్న మాట బయటికి పొక్కింది. రోమ్‌కు ప్రశ్న వెళ్ళింది అందుకే.

అప్పటి భయాలు ఊహాజనితం కావు. 1884లో ఫిలడెల్ఫియాలో విలియం పాంకోస్ట్ అనే ప్రొఫెసర్ ఒక స్త్రీకి మత్తు ఇచ్చి, తన తరగతిలోని ఒక విద్యార్థి వీర్యాన్ని ఆమెకు ఎక్కించాడు. తర్వాత భర్తకు చెప్పాడు కానీ ఆమెకు మాత్రం చెప్పలేదు. పాతికేళ్ళ తర్వాత, 1909లో, అప్పటి విద్యార్థుల్లో ఒకడు ఒక వైద్య పత్రికకు రాస్తే లోకానికి తెలిసింది. భార్యాభర్తల మధ్యకు మూడో మనిషి వస్తే ఆ స్త్రీ ఏమవుతుంది, పుట్టే బిడ్డకు ఏం చెబుతారు అన్న ప్రశ్నలు ఆ కాలంలో శ్రీసభ ఒక్కటే అడుగుతూ కూర్చోలేదు. కానీ భర్త వీర్యాన్నే వాడినా కూడదని తేల్చింది ప్రధానంగా శ్రీసభే.

కతోలిక స్త్రీలకు వైద్యం అందకపోవడానికి మరో అడ్డంకి ఉండేది. అది శ్రీసభ సొంత నియమం. గురువులూ కన్యాస్త్రీలూ వైద్యవృత్తి చేయరాదు, అందులోనూ ప్రసూతి పనిలో చెయ్యి పెట్టరాదు అన్నది పాత కట్టుబాటు. పరదాలో ఉండే స్త్రీలు మగ డాక్టర్లకు చూపించుకోని భారతదేశంలో ఈ నియమం ప్రాణాలు తీస్తోందని ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే స్కాట్లండ్ వైద్యురాలు గ్రహించింది. రావల్పిండిలో స్త్రీలకు ఆసుపత్రి పెట్టించింది. నియమం మార్చమని రోమ్‌ను బతిమాలింది. మార్పు చూడకుండానే కన్నుమూసింది. ఆమె జీవితం గురించి రాసిన ఒక చిన్న పుస్తకం మెల్‌బోర్న్‌లో మేరీ గ్లౌరీ అనే యువ వైద్యురాలి చేతికి వచ్చింది. గ్లౌరీ దాన్ని చదివి తన దారి నిర్ణయించుకుంది. ప్రసూతి, స్త్రీల వ్యాధులు, కంటి వైద్యం అంశాలుగా 1919లో ఎం.డి. పూర్తి చేసి, 1920 ఫిబ్రవరిలో గుంటూరు చేరింది. అక్కడ జీసస్ మేరీ జోసెఫ్ సభలో చేరి సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్ అయింది. కన్యాస్త్రీగా ఉంటూనే వైద్యం చేయడానికి ఆమెకు పదిహేనవ బెనెడిక్ట్ పోప్ ప్రత్యేక అనుమతి ఇచ్చారు.

గుంటూరు సెయింట్ జోసెఫ్స్ ఆసుపత్రిలో ఆమె చేసిన పని సంతాన చికిత్స అని విడిగా పిలిచేది కాదు. కాన్పులు, కాన్పు తర్వాతి జ్వరాలు, గర్భసంచి వ్యాధులు, పసిబిడ్డల మరణాలు — వీటితోనే ఆమె రోజు గడిచేది. అయితే ఆ రోజుల్లో స్త్రీకి పిల్లలు కలగకపోవడానికి పెద్ద కారణాల్లో ఒకటి మొదటి కాన్పులోనో, గర్భస్రావంలోనో సోకిన ఇన్ఫెక్షన్. అండవాహికలు మూసుకుపోతే రెండో బిడ్డ ఉండదు. మంత్రసాని చేతులు శుభ్రంగా ఉండేలా చూసిన ప్రతి ఆసుపత్రీ సంతానలేమిని ముందే అడ్డుకున్నట్టే. గ్లౌరీ స్థానిక స్త్రీలకు నర్సులుగా, మంత్రసానులుగా శిక్షణ ఇచ్చింది. చివరకు 1936 ఫిబ్రవరి 11న రోమ్ పాత నియమాన్ని సడలించి, కన్యాస్త్రీలు ప్రసూతి వైద్యం చేయవచ్చని ఆదేశం వెలువరించింది. 1943లో గ్లౌరీ ఆధ్వర్యంలో కతోలిక ఆసుపత్రుల సంఘం ఏర్పడింది. నేడు సికింద్రాబాద్ కేంద్రంగా దేశమంతటా విస్తరించిన ‘చాయ్’ అదే. కతోలిక వైద్య కళాశాల ఉండాలన్న ఆమె కల ఆమె చనిపోయిన ఆరేళ్ళకు, 1963లో, బెంగుళూరు సెయింట్ జాన్స్ కళాశాలతో నెరవేరింది.

ఈలోగా శాస్త్రం ఒక మౌలికమైన సంగతి కనుక్కుంది. అండం ఎప్పుడు విడుదలవుతుంది అన్నది 1920ల వరకు ఎవరికీ సరిగా తెలియదు. జపాన్‌లో క్యుసాకు ఒగినో 1924లోనూ, ఆస్ట్రియాలో హెర్మన్ క్నౌస్ 1928లోనూ విడివిడిగా ఆ లెక్క తేల్చారు. ఆ లెక్క గర్భం వద్దనుకునేవాళ్ళకు పనికొస్తుంది, కావాలనుకునేవాళ్ళకూ పనికొస్తుంది. 1930 డిసెంబరు 31న పదకొండవ పయస్ పోప్ రాసిన ‘కాస్తి కొన్నూబీ’ లేఖ గర్భనిరోధక సాధనాలను ఖండించింది కాబట్టి, ఈ లెక్క ఎక్కువగా గర్భం వద్దనుకునే కతోలిక దంపతుల పద్ధతిగానే పేరు తెచ్చుకుంది. పిల్లలు కావాలని రోజులు లెక్కపెట్టుకున్నవాళ్ళ సంగతి ఎవరూ పెద్దగా రాయలేదు.

ఆ రెండు పనులూ ఒకే గదిలో చేసిన మనిషి బోస్టన్ వైద్యుడు జాన్ రాక్. ఆయన ప్రతి ఉదయం దివ్యబలిపూజకు వెళ్ళేవాడు, బల్ల వెనక గోడకు సిలువ వేలాడదీసుకునేవాడు. 1926 నుంచి బ్రూక్‌లైన్‌లోని ఫ్రీ హాస్పిటల్ ఫర్ విమెన్‌లో సంతానలేమి విభాగం నడిపాడు. 1936లో అక్కడే ఋతుక్రమ లెక్క నేర్పే క్లినిక్ పెట్టాడు. మరోవైపు సహాయకురాలు మిరియం మెంకిన్‌తో కలిసి, శస్త్రచికిత్సల్లో తీసిన అండాశయాల నుంచి అండాలు సేకరించి గాజుపాత్రలో ఫలదీకరణం చేయాలని ఆరేళ్ళు ప్రయత్నించాడు. 1944 ఫిబ్రవరిలో, పళ్ళు వస్తున్న పసిపాపతో రాత్రంతా నిద్రలేని మెంకిన్, వీర్యకణాలను మామూలుకన్నా ఎక్కువ సేపు అండంతో ఉంచేసింది. అండం రెండు కణాలుగా చీలింది. శరీరం వెలుపల మానవ అండం ఫలదీకరణం చెందిందని లోకానికి వచ్చిన తొలి నివేదిక అదే. అండవాహికలు మూసుకుపోయిన స్త్రీల నుంచి రాక్‌కు ఉత్తరాలు వెల్లువెత్తాయి. ఆ పిండాలను ఎవరి గర్భంలోనూ పెట్టే ఉద్దేశం వాళ్ళకు లేదు, ఆ సామర్థ్యమూ అప్పటికి లేదు.

రాక్ జీవితం సంతాన చికిత్సనూ గర్భనిరోధక మాత్రనూ కలిపిన విధానం చెప్పుకోదగ్గది. 1950ల మొదట్లో కారణం అంతుపట్టని సంతానలేమి ఉన్న 80 మంది స్త్రీలకు ఆయన కొన్ని నెలలు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ ఇచ్చి అండం విడుదలను ఆపాడు. మందు మానగానే వారిలో 13 మంది గర్భవతులయ్యారు. అండాశయానికి విశ్రాంతి ఇస్తే తర్వాత చురుగ్గా పనిచేస్తుందని ఆయన అనుకున్నాడు. ఈ ప్రయోగమే మాత్రకు దారి చూపింది. శ్రీసభ దాన్ని సహజ పద్ధతిగా అంగీకరిస్తుందని రాక్ మనస్ఫూర్తిగా నమ్మి, 1963లో పుస్తకం రాశాడు. 1968 జూలై 25న ఆరవ పౌలు పోప్ ‘హుమానే వీతే’ లేఖతో ఆ ఆశ కూలింది. డెబ్భై దాటిన రాక్ ఆ తర్వాత మెల్లగా గుడికి దూరమయ్యాడు. విశ్వాసాన్నీ వైద్యాన్నీ జీవితమంతా ఒక్కచోట ఉంచాలని చూసిన మనిషి విషయంలో ఇది విషాదమే.

గీత ఎక్కడుందో మొదటిసారి కాస్త వివరంగా చెప్పినది పన్నెండవ పయస్ పోప్. 1949 సెప్టెంబరు 29న కతోలిక వైద్యుల అంతర్జాతీయ మహాసభలో ఆయన కృత్రిమ గర్భధారణను తోసిపుచ్చుతూనే ఒక వెసులుబాటు ఇచ్చారు. దంపతుల సహజ కలయికకు బదులుగా వచ్చేది కూడదు. ఆ కలయికను సుగమం చేసేది, లేదా సహజంగా జరిగిన కలయిక ఫలించడానికి తోడ్పడేది సమ్మతం కావచ్చు. బదులుగా రావడం వేరు, తోడుగా రావడం వేరు. తర్వాతి కతోలిక సంతాన వైద్యమంతా ఈ తేడా మీదే నిలబడింది. 1956 మే 19న సంతానలేమిపై జరిగిన ప్రపంచ మహాసభ ప్రతినిధులతో మాట్లాడుతూ, గాజుపాత్రలో ఫలదీకరణ ప్రయత్నాలు పూర్తిగా అనైతికమని కూడా చెప్పారు. లూయిస్ బ్రౌన్ పుట్టడానికి 22 ఏళ్ళ ముందు మాట ఇది. అదే ప్రసంగంలో పిల్లలు లేని దంపతుల బాధను, దాన్ని తీర్చాలనుకునే పరిశోధకుల శ్రమను ఆయన గౌరవంతో తలచుకున్నారు.

ఈ తేడా వల్ల రోజువారీ వైద్యంలో ఎదురైన చిక్కు వీర్య పరీక్ష. హస్తప్రయోగం ద్వారా వీర్యం సేకరించడం తగదన్నది శ్రీసభ మాట. మరి లోపం భర్తలో ఉందో లేదో ఎలా తెలుస్తుంది? కతోలిక వైద్యులు రెండు దారులు పట్టారు. ఒకటి, మాక్స్ హ్యూనర్ 1913లో ప్రచారంలోకి తెచ్చిన పరీక్ష. కలయిక జరిగిన కొద్ది గంటల్లో భార్య గర్భాశయ ముఖద్వారం దగ్గరి ద్రవాన్ని తీసి సూక్ష్మదర్శినిలో చూస్తే, వీర్యకణాలు ఎన్ని ఉన్నాయో, కదులుతున్నాయో లేదో తెలుస్తుంది. రెండోది, చిన్న రంధ్రం చేసిన తొడుగు వాడి దంపతులు కలవడం. కొంత వీర్యం సహజంగా లోపలికి వెళుతుంది, మిగిలింది పరీక్షకు దొరుకుతుంది. తొడుగులో శుక్రనాశక రసాయనం ఉండకూడదు కాబట్టి తర్వాతి కాలంలో సిలికోన్‌తో ప్రత్యేకంగా తయారుచేశారు. బయటివాళ్ళకు ఇది అనవసరమైన చాదస్తంగా కనిపించవచ్చు. ఆ నియమాన్ని మనస్సాక్షితో పాటించే దంపతులకు మాత్రం పరీక్ష చేయించుకోగలగడానికీ, అసలు చేయించుకోకుండా ఏళ్ళు పోగొట్టుకోవడానికీ మధ్య తేడా అక్కడే ఉంది.

మందుల విషయంలో శ్రీసభ పాత్ర ఎవరూ ఊహించని విధంగా ముందుకు వచ్చింది. ముట్లు ఆగిపోయిన స్త్రీల మూత్రంలో అండాశయాన్ని ప్రేరేపించే హార్మోన్లు ఎక్కువగా ఉంటాయి. అండాశయం స్పందించడం మానేశాక పీయూష గ్రంథి దాన్ని లేపడానికి మరింత గట్టిగా హార్మోన్లు విడుదల చేస్తుంది, అవి మూత్రంలో బయటికి పోతాయి. రోమ్‌లోని సెరోనో కంపెనీలో పియెరో డొనిని అనే రసాయన శాస్త్రవేత్త 1940ల చివర్లో వాటిని శుద్ధి చేసే విధానం కనిపెట్టి, ఆ మందుకు పెర్గోనాల్ అని పేరు పెట్టాడు. కానీ ఒక్కో చికిత్సకు చాలా మూత్రం కావాలి, అదీ గర్భవతులది ఒక్క చుక్క కూడా కలవకుండా. బ్రూనో లూనెన్‌ఫెల్డ్ అనే ఇజ్రాయెల్ వైద్యుడు ఈ మందు వాడకం కోసం పట్టుపట్టి కంపెనీని కదిలించాడు. ఆయన చెప్పిన ప్రకారం, కంపెనీ బోర్డులో ఉన్న డాన్ జూలియో పచెల్లి — పన్నెండవ పయస్ పోప్ అన్న కొడుకు — ఒక దారి చూపాడు. వయసు మళ్ళిన కన్యాస్త్రీలు ఉండే మఠాల నుంచి మూత్రం సేకరించారు. 1962లో ఇజ్రాయెల్‌లో ఆ మందుతో తొలి బిడ్డ పుట్టింది. బిడ్డలను కనబోమని వ్రతం పట్టిన స్త్రీల శరీరాల నుంచి వచ్చిన హార్మోన్లతో ఎందరో స్త్రీలు తల్లులయ్యారు. అండం విడుదలకు మందు వాడడాన్ని శ్రీసభ ఎన్నడూ తప్పుపట్టలేదు. 1967లో అమెరికాలో అనుమతి పొందిన క్లోమిఫిన్ మాత్రలు కూడా ఈ కోవలోవే.

మెల్‌బోర్న్ మళ్ళీ ఇక్కడ వస్తుంది. 1953లో అక్కడి కతోలిక కుటుంబ సలహా కేంద్రంలో పనిచేసే ఒక ఫాదర్, నరాల వైద్యుడైన జాన్ బిల్లింగ్స్‌ను దంపతులకు సాయపడే సహజ పద్ధతి ఏదైనా వెతకమని కోరాడు. రోజులు లెక్కపెట్టడం నమ్మదగినది కాదని అప్పటికే తేలిపోయింది. గర్భాశయ ముఖద్వారం దగ్గర స్రవించే ద్రవం స్వభావం అండం విడుదలకు ముందు మారుతుందని పాత వైద్య గ్రంథాల్లో చూసి, బిల్లింగ్స్ స్త్రీలనే అడిగాడు. వాళ్ళకు ఆ మార్పు ముందే తెలుసు, ఎవరూ వాళ్ళను అడగలేదంతే. పిల్లల వైద్యురాలైన భార్య ఎవెలిన్ తోడయింది. హార్మోన్ల పరీక్షలతో జేమ్స్ బ్రౌన్, స్వీడన్‌లో ఎరిక్ ఓడెబ్లాడ్ ఆ గమనింపుకు శాస్త్రీయ పునాది వేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1970ల చివర అయిదు నగరాల్లో ఈ పద్ధతిని పరీక్షించింది. అందులో బెంగుళూరు ఒకటి. చదువుతో నిమిత్తం లేకుండా 93 శాతం స్త్రీలు మొదటి నెలలోనే తమ ఫలవంతమైన రోజులను గుర్తించగలిగారు. సంతానం కోరే దంపతుల్లో కొందరికి ఇదే చాలు. సరైన రోజు తెలియక ఏళ్ళు గడిపినవాళ్ళు తక్కువ మంది కాదు.

1978 జూలై 25న, ‘హుమానే వీతే’ వెలువడి సరిగ్గా పదేళ్ళ నాడు, ఇంగ్లండ్‌లోని ఓల్డ్‌హామ్‌లో లూయిస్ బ్రౌన్ పుట్టింది. పాట్రిక్ స్టెప్టో, రాబర్ట్ ఎడ్వర్డ్స్, జీన్ పర్డీ సాధించిన తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ. వెనిస్ కార్డినల్ అల్బీనో లుచియాని అభిప్రాయం అడిగితే, పాపకు శుభాకాంక్షలు చెప్పారు. తల్లిదండ్రులను నిందించే హక్కు తనకు లేదన్నారు. పద్ధతి విషయంలో మాత్రం పన్నెండవ పయస్ మాట నుంచి పక్కకు జరగడానికి కారణం కనిపించలేదన్నారు. నెల తిరగకుండానే ఆయన మొదటి జాన్‌పాల్ పోప్ అయ్యారు, 33 రోజులకు కన్నుమూశారు. మనిషి మీద దయ, పద్ధతి మీద పట్టు అన్న ఆ ధోరణే తర్వాతి పత్రాల్లోనూ కనిపిస్తుంది.

ఆ తర్వాతి తొమ్మిదేళ్ళు రోమ్ కొత్త పత్రం ఏదీ ఇవ్వలేదు. గీతకు ఇటువైపే ఉండి ఐవీఎఫ్ (గాజుపాత్రలో ఫలదీకరణ) ఫలితం సాధించాలని కతోలిక వైద్యులు ఆ ఖాళీలో ప్రయత్నించారు. అమెరికాలో ఒహాయో రాష్ట్రం డేటన్‌లోని సెయింట్ ఎలిజబెత్ ఆసుపత్రిలో డేవిడ్ మెక్‌లాగ్లిన్, అండాన్ని తీసి అండవాహికలో మూసుకుపోయిన చోటు దాటించి గర్భాశయం దగ్గర వదిలే పద్ధతి చేపట్టాడు. ఫలదీకరణ దంపతుల కలయికతో శరీరం లోపలే జరగాలి. ఫలితాలు అంతంతమాత్రం. 1984లో టెక్సాస్‌లో రికార్డో ఆష్ బృందం తెచ్చిన ‘గిఫ్ట్’ పద్ధతి మరింత ఆశ రేపింది. అండాలనూ వీర్యాన్నీ ఒకే సన్నని గొట్టంలో, మధ్యలో గాలి బుడగ ఉంచి, అండవాహికలోకి పంపుతారు. అవి శరీరం లోపలే కలుస్తాయి. వీర్యాన్ని రంధ్రం చేసిన తొడుగుతో సేకరిస్తే శ్రీసభ నియమం తప్పినట్టు కాదని కొందరు వేదాంతులు సమర్థించారు. ఇది కలయికకు తోడు కాదు, బదులే అని మరికొందరు కాదన్నారు. రోమ్ ఇటూ అటూ తేల్చలేదు. పొట్టలో కోత అవసరమైన ఈ పద్ధతి ఐవీఎఫ్ మెరుగయ్యాక దానంతటదే మూలపడింది.

1987 ఫిబ్రవరి 22 తేదీతో వెలువడిన ‘దోనుం వీతే’ అనే ఉపదేశం, కార్డినల్ రాట్జింగర్ సంతకంతో, 1897 నాటి ఒక్క ముక్కకు పూర్తి వివరణ ఇచ్చింది. పిండం మొదటి క్షణం నుంచే మనిషిగా గౌరవం పొందాలి. బిడ్డ దంపతుల ప్రేమ కలయిక ఫలంగా పుట్టాలి తప్ప ప్రయోగశాల ఉత్పత్తిగా కాదు. బిడ్డ వరమే గానీ హక్కు కాదు. కాబట్టి దాత వీర్యం, దాత అండం, అద్దెగర్భంతో పాటు దంపతుల సొంత అండ, వీర్యాలతో చేసే ఐవీఎఫ్ కూడా కూడదు. అలా పుట్టిన బిడ్డను మాత్రం ప్రేమతో స్వీకరించాలి. పిండాల వాదం ఇంత బలంగా ముందుకు రావడానికి కారణం ఉంది. 1984లో మెల్‌బోర్న్‌లో, గడ్డకట్టించి దాచిన పిండం నుంచి తొలి బిడ్డ పుట్టింది. మిగిలిపోయే పిండాలు ఎవరివి, వాటిని ఏం చేయాలి అన్నది అప్పటినుంచి నిజమైన ప్రశ్న. బెల్జియంలో లూవెన్ కతోలిక విశ్వవిద్యాలయ ఆసుపత్రి మాత్రం ఐవీఎఫ్ ఆపలేదు. కతోలిక లోకంలో అందరూ ఒకే మాట మీద ఉన్నారనుకోవడం పొరపాటు.

‘హుమానే వీతే’ లేఖ సహజ ఋతుక్రమాన్ని మరింత పరిశోధించమని శాస్త్రవేత్తలను కోరింది. ఆ మాటను పనిగా పెట్టుకున్నవాడు అమెరికాలో థామస్ హిల్గర్స్. బిల్లింగ్స్ పద్ధతిని ప్రామాణికమైన పట్టికగా మలిచి, 1985లో నెబ్రాస్కా రాష్ట్రం ఒమాహాలో ఆరవ పౌలు పోప్ పేరిట సంస్థ స్థాపించాడు. తన చికిత్సా విధానానికి ‘నాప్రోటెక్నాలజీ’ అని పేరు పెట్టాడు. స్త్రీ ప్రతిరోజూ స్రావాన్ని గమనించి పట్టికలో గుర్తు పెడుతుంది. అండం విడుదలైన రోజు తెలిసిపోతుంది కాబట్టి, హార్మోన్ పరీక్ష క్యాలెండరు ప్రకారం కాక ఆమె శరీరం ప్రకారం జరుగుతుంది. ప్రొజెస్టెరాన్ తక్కువైతే సరైన రోజుల్లో ఇస్తారు. ఎండోమెట్రియోసిస్, అండవాహికల అతుకులు, పీసీఓఎస్ ఉంటే మళ్ళీ అతుక్కోకుండా జాగ్రత్త పడుతూ శస్త్రచికిత్స చేస్తారు. కారణం వెతికి దాన్నే బాగుచేయాలన్నది సిద్ధాంతం.

ఫలితాలు చూస్తే, ఐర్లండ్‌లోని ఒక క్లినిక్‌లో 1,239 జంటల చికిత్సపై 2008లో అధ్యయనం వెలువడింది. వారు అప్పటికి సగటున అయిదేళ్ళకు పైగా ప్రయత్నించినవారు, మూడో వంతు మంది ఐవీఎఫ్ వంటివి చేయించుకుని విఫలమైనవారు. నాలుగో వంతు జంటలకు బిడ్డలు పుట్టారు. మధ్యలో మానేసినవాళ్ళను లెక్కలో సర్దుబాటు చేస్తే, రెండేళ్ళ పాటు కొనసాగితే నూటికి 52.8 అని పరిశోధకులు అంచనా వేశారు. ఇవి గౌరవించదగ్గ సంఖ్యలే. అయితే రెండు పద్ధతులనూ చీటీ వేసినట్టు పంచి పోల్చిన అధ్యయనం కాదిది. రెండు అండవాహికలూ పూర్తిగా పాడైనా, భర్తలో వీర్యకణాలు దాదాపు లేకపోయినా ఈ పద్ధతి చేయగలిగింది కొద్దే. 1992 నుంచి, ఒక్క వీర్యకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించే ఇక్సీ సాయంతో అలాంటి పురుషులు తండ్రులవుతున్నారు, కానీ శ్రీసభ దాన్ని అంగీకరించదు. వయసు ముప్పై అయిదు దాటిన స్త్రీకి రెండేళ్ళు చిన్న వ్యవధి కాదు. ఈ సంగతి దంపతులకు మొదటి రోజే చెప్పడం వైద్యుడి బాధ్యత, ఫాదర్ బాధ్యత కూడా.

రాజకీయాల్లో ఐవీఎఫ్‌పై వాదన అత్యంత తీవ్రంగా ఇటలీలో నడిచింది. 2004 చట్టం దాతలను నిషేధించింది. ఒకసారి మూడు పిండాలకు మించి సృష్టించరాదని, వాటిని గడ్డకట్టించి దాచరాదని ఆదేశించింది. 2005లో దాన్ని సడలించాలని ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే, ఓటుకు వెళ్ళవద్దని కార్డినల్ కమిల్లో రుయీని పిలుపునిచ్చారు. ఓటర్లలో నాలుగో వంతు మందే వచ్చారు, సేకరణ చెల్లలేదు. తర్వాత రాజ్యాంగ న్యాయస్థానం 2009లో మూడు పిండాల పరిమితినీ, 2014లో దాతల నిషేధాన్నీ కొట్టేసింది.

2008 డిసెంబరులో వెలువడిన ‘దిగ్నితాస్ పర్సోనే’ పాత తీర్పును నిలబెడుతూనే, ఏవి చేయవచ్చో పేరుపెట్టి చెప్పింది: హార్మోన్ చికిత్స, ఎండోమెట్రియోసిస్ శస్త్రచికిత్స, మూసుకుపోయిన అండవాహికలు తెరవడం, దత్తత. గడ్డకట్టించి వదిలేసిన పిండాలను వేరే దంపతులు స్వీకరించి కనవచ్చా అన్న ప్రశ్నకు, ఉద్దేశం మంచిదే గానీ ఎన్నో చిక్కులున్నాయంది. ఆ పిండాలకు న్యాయమైన దారి ఏదీ కనిపించడం లేదని ఒప్పుకుంది. 2024 ఏప్రిల్‌లో వచ్చిన ‘దిగ్నితాస్ ఇన్ఫినీతా’ అద్దెగర్భాన్ని మళ్ళీ గట్టిగా ఖండించింది. భారతదేశంలో 2021 చట్టం డబ్బుకు అద్దెగర్భాన్ని నిషేధించింది, డబ్బు ప్రమేయం లేనిదాన్ని అనుమతించింది. శ్రీసభ రెండింటినీ అంగీకరించదు.

శ్రీసభ మనస్ఫూర్తిగా ప్రోత్సహించిన దారి దత్తత. భారతదేశంలోని క్రైస్తవ దంపతులకు చట్టం ఆ దారినే చాలాకాలం మూసేసింది. 1956 నాటి దత్తత చట్టం హిందువులకు, బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు మాత్రమే వర్తిస్తుంది. క్రైస్తవులు 1890 నాటి సంరక్షకుల చట్టం కింద బిడ్డకు గార్డియన్లు కాగలిగేవారు, తల్లిదండ్రులు కాదు. బిడ్డకు యుక్తవయసు రాగానే ఆ సంబంధం చట్టం దృష్టిలో ముగిసేది, సొంత బిడ్డకు దక్కే వారసత్వ హక్కు ఉండేది కాదు. 2000 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం, దానికి 2006లో చేసిన సవరణతో మతంతో నిమిత్తం లేకుండా ఎవరైనా పూర్తి హక్కులతో దత్తత తీసుకునే వీలు కలిగింది. 2015లో ఒంటరివారికీ విడిపోయినవారికీ అవకాశమిచ్చే కొత్త నియమాలు రావడంతో, మదర్ తెరెసా స్థాపించిన మిషనరీస్ ఆఫ్ చారిటీ తమ కేంద్రాల్లో దత్తత పని మానుకుంది. అప్పటినుంచి గుంటూరులోనైనా గోవాలోనైనా కతోలిక దంపతులు దత్తత కోసం మిగతా అందరిలాగే ‘కారా’ ప్రభుత్వ వ్యవస్థలో పేరు నమోదు చేసుకుని తమ వంతు కోసం ఎదురుచూస్తున్నారు.